ఆటలో అరటిపండు ఎవరు?

రేపటి ఆటలు ఎలా ఉంటాయి అని ఎవరినైనా అడిగి చూడండి. రోబోలు ఆడతాయి, బూట్లకు స్ప్రింగులు ఉంటాయి, చంద్రుడి మీద క్రికెట్ జరుగుతుంది అని టకటకా చెప్పేస్తారు. ఏ సామానుతో ఆడతారో చెప్పడానికి అందరి దగ్గరా జవాబు ఉంది. ఆ ఆటలో ఎవరెవరు ఉంటారు అని మాత్రం ఎవరూ అడగరు. నాకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మనకు "ఆటలో అరటిపండు" అనే మాట ఉంది కదా. వీధిలో ఆడుకుంటుంటే చిన్న తమ్ముడో చెల్లెలో ఏడుస్తూ వస్తారు. "సరే, నువ్వు అరటిపండు, రా" అని చేర్చుకుంటాం. వాళ్ళూ పరుగెత్తుతారు, అరుస్తారు, చెమటలు పట్టిస్తారు. కాని వాళ్ళను పట్టుకున్నా ఔట్ కాదు, వాళ్ళు ఎవరినైనా పట్టుకున్నా ఔట్ కాదు. ఆటలో ఉన్నట్టే, లెక్కలో మాత్రం లేనట్టే. రేపటి ఆటలను ఊహించిన కొన్ని బొమ్మలనూ, ఒక సినిమానూ, కొన్ని కొత్త ఆటలనూ నేను ఈ ఒక్క మాటతో కొలిచి చూస్తాను. ఆ ఊహలో అరటిపండు ఎవరు? గట్టు మీద కూర్చున్నది ఎవరు?

మొదట పాత బొమ్మలు. 1899 నుంచి 1910 వరకు ఫ్రాన్సులో "2000 సంవత్సరంలో" అనే పేరుతో కొన్ని చిన్న కార్డులు వేశారు. జాన్ మార్క్ కోతే అనే చిత్రకారుడూ మరికొందరూ గీశారు. వందేళ్ళ తర్వాత మనుషులు ఎలా బతుకుతారో ఊహించి గీసిన బొమ్మలవి. చాలాకాలం అందరూ మర్చిపోయిన ఆ బొమ్మలను ఐజాక్ అసిమోవ్ అనే సైన్సు రచయిత 1986లో పుస్తకంగా తెచ్చాడు. మా సైన్సు సారు వాటిలో కొన్నింటిని స్మార్ట్ బోర్డు మీద చూపించారు. తరగతి అంతా నవ్వింది. ఒక బొమ్మలో తిమింగలానికి బస్సులాంటి పెట్టె కట్టి జనం ప్రయాణం చేస్తుంటారు. ఇంకో దాంట్లో అగ్నిమాపక సిబ్బంది రెక్కలు కట్టుకుని ఎగురుతుంటారు.

వాటిలో ఒక ఆట బొమ్మ ఉంది. సముద్రం అడుగున జనం క్రోకే ఆడుతుంటారు. క్రోకే అంటే పొడుగు పిడి ఉన్న చెక్క సుత్తితో బంతిని కొట్టి, నేలలో గుచ్చిన కమ్మీల సందులోంచి పోనిచ్చే ఆట. అప్పట్లో డబ్బున్నవాళ్ళు తోటల్లో ఆడేవాళ్ళు. చిత్రకారుడు ఏం చేశాడు? అదే ఆటను, అదే సుత్తులను, అదే రకం మనుషులను తీసుకెళ్ళి నీళ్ళలో పెట్టాడు. తలకు డైవింగ్ టోపీ తగిలించాడు. అంతే. చూడ్డానికి బొమ్మ ముచ్చటగా ఉంది, రంగులు బాగున్నాయి. కాని ఊహ అని చెప్పుకోవడానికి అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1900లో ఆ ఫ్రాన్సులోనే, పారిస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. క్రోకే కూడా అందులో ఒక పోటీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు మొదటిసారి పాల్గొన్నది కూడా అక్కడే. మొత్తం 997 మంది ఆటగాళ్ళలో 22 మంది ఆడవాళ్ళు. వాళ్ళలో కొందరు క్రోకే ఆడారు. ఆ తర్వాత నూరేళ్ళలో క్రోకే నీళ్ళలోకి పోలేదు, ఒలింపిక్స్‌లోనుంచే పోయింది. కాని ఆ 22 మంది వెనక వేలమంది వచ్చారు. 2024లో మళ్ళీ అదే పారిస్‌లో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ సమానంగా చోట్లు ఇచ్చారు. అంటే నిజమైన భవిష్యత్తు ఆ చిత్రకారుడి కాలంలోనే, గడ్డి మీద, పగటి వెలుగులో నడుస్తోంది. ఆయన చూపు మాత్రం సముద్రం అడుగున ఉంది.

అదే వరసలో బడి బొమ్మ ఒకటి ఉంది. ఉపాధ్యాయుడు పుస్తకాలను ఒక యంత్రంలో వేస్తుంటాడు, అవి నలిగి తీగల గుండా పిల్లల తలల్లోకి పోతుంటాయి. మా వాళ్ళందరూ ఆ తీగలనే చూసి "పరీక్షలకు ఇట్లాంటిది ఉంటే బాగుండు" అన్నారు. నేను మాత్రం యంత్రం పక్కన నిలబడి పిడి తిప్పుతున్న పిల్లవాడిని చూశాను. వాడికి టోపీ లేదు, తీగ లేదు. అందరికీ చదువు ఎక్కించే పని వాడిది, వాడికి మాత్రం చదువు ఎక్కదు. ఆ బొమ్మలో అరటిపండు వాడే.

ఇక సినిమా. "రియల్ స్టీల్" 2011లో వచ్చిన హాలీవుడ్ సినిమా. టీవీలో చాలాసార్లు వస్తుంది కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. రిచర్డ్ మాథెసన్ 1956లో రాసిన "స్టీల్" అనే కథ దీనికి ఆధారం. 2020లో మనుషుల బాక్సింగ్ పోయి రోబోల బాక్సింగ్ వచ్చేసిందని సినిమా ఊహ. చార్లీ ఒకప్పటి బాక్సర్. ఇప్పుడు పాత రోబోలతో పోటీలు తిప్పుకుంటూ అప్పుల్లో బతుకుతుంటాడు. అతని కొడుకు మాక్స్‌కు ఇనుప సామాన్ల గుట్టలో ఆటం అనే పాత రోబో దొరుకుతుంది. అది మనిషి చేసినట్టు చేయగలదు, చెయ్యి ఎత్తితే తనూ ఎత్తుతుంది. తండ్రీకొడుకులు దానితో పెద్ద పోటీ దాకా వెళ్తారు.

సినిమా నాకు నచ్చింది. పోరాటాలు ఊపిరి బిగబట్టి చూసేలా తీశారు, తండ్రీకొడుకుల కథ కూడా బాగుంది. అయినా ఒక మాట చెప్పాలి. ఈ సినిమా తన ఊహను తానే నమ్మలేదు. ఎలాగంటే, చివరి పోటీలో జ్యూస్ అనే పెద్ద రోబో దెబ్బలకు ఆటంకు మాట వినే భాగం పాడవుతుంది. అప్పుడు చార్లీ రింగు పక్కన నిలబడి తానే గాలిలో గుద్దులు గుద్దుతాడు, ఆటం అతన్ని చూసి అలాగే గుద్దుతుంది. సినిమా మొత్తంలో మనం లేచి చప్పట్లు కొట్టేది అక్కడే. అంటే రోబో కాదు, చెమట పట్టిన మనిషి చెయ్యి ఆడినప్పుడే మనకు అది ఆట అనిపించింది. రోబోలే చాలు అని రెండు గంటలు చెప్పిన సినిమా, గెలుపు అవసరమయ్యేసరికి మనిషినే పిలిచింది. దర్శకుడికి ఇది తెలుసో లేదో గాని, సినిమాలోని మంచి విమర్శ సినిమాలోనే ఉంది.

నిజంగా 2020లో ఏం జరిగిందో మనకు తెలుసు. కరోనా వచ్చింది, టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి, మ్యాచులు ఖాళీ స్టేడియంలలో జరిగాయి. అది ఎవరూ ఊహించలేరు, దానికి సినిమాను తప్పు పట్టను. కాని బాక్సింగ్‌లో మార్పు ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడే వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళ బాక్సింగ్ పెట్టారు, మన మేరీ కోమ్ కంచు పతకం తెచ్చింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. బాక్సింగ్ భవిష్యత్తు ఇనుముతో వస్తుందని సినిమా అనుకుంది. అది నిజామాబాద్ లాంటి ఊరినుంచి గ్లవ్స్ వేసుకుని వచ్చింది.

దూరం సంగతులు చాలు, మన బడి వరండాకు వద్దాం. ఈ ఏడాది బొమ్మల పోటీకి "2050లో ఆటలు" అనే అంశం ఇచ్చారు. మొత్తం 34 బొమ్మలు తగిలించారు. నేను మూడు రోజులు మధ్యాహ్నం అన్నం తిన్నాక వాటి ముందే నిలబడ్డాను. యంత్రమో రోబోనో ఉన్నవి 29. ఆడుతున్న అమ్మాయిలు కనిపించేవి 5. చక్రాల కుర్చీ ఒక్క దాంట్లోనూ లేదు. మన బొమ్మలు గీసినవాళ్ళను చిన్నబుచ్చడానికి ఈ లెక్క చెప్పడం లేదు. వందేళ్ళ కిందటి ఫ్రాన్సు చిత్రకారుడు ఎక్కడ ఆగిపోయాడో మనమూ అక్కడే ఆగిపోయాం అని చూపించడానికి చెప్తున్నాను.

మొదటి బహుమతి చంద్రుడి మీద క్రికెట్ బొమ్మకు వచ్చింది. చేయి తిరిగిన బొమ్మ, నీడలు వేసిన తీరు చాలా బాగుంది. కాని ఇందులో సైన్సు కొంచెం తక్కువైంది. చంద్రుడి మీద గురుత్వం మన దగ్గర ఉన్నదానిలో ఆరో వంతే. గట్టిగా కొట్టిన బంతి ఆ బొమ్మలోని బౌండరీ దాటి, స్టేడియం దాటి పోవాలి. అక్కడ గాలి లేదు కాబట్టి బంతి స్వింగ్ కాదు, ఫాస్ట్ బౌలర్లకు సగం పని పోతుంది. ప్రేక్షకులు అరుస్తున్నట్టు గీశారు, గాలి లేనిచోట ఆ అరుపు ఎవరికీ వినిపించదు. నిజంగా చంద్రుడి మీద ఆడిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1971లో అపోలో 14లో వెళ్ళిన ఆలన్ షెపర్డ్ అక్కడ రెండు గోల్ఫు బంతులు కొట్టాడు. మందపాటి సూటు వల్ల ఒంటి చేత్తోనే కొట్టాల్సి వచ్చింది. మైళ్ళ దూరం పోయిందని సరదాగా చెప్పాడు గాని, తర్వాత ఫొటోలను చూసి కొలిస్తే రెండో బంతి సుమారు 40 గజాలే పోయిందని తేలింది. అంత పెద్ద రాకెట్టు ఎక్కి వెళ్ళినా చివరికి ఆటను నిర్ణయించింది ఆయన చెయ్యి ఎంత కదిలింది అనేదే. బొమ్మలో ఈ కష్టం కొంచెం కనబడి ఉంటే ఇంకా బాగుండేది.

నాకు ఎక్కువ నచ్చిన బొమ్మకు బహుమతి రాలేదు. ఆరో తరగతి పాప గీసింది. గీతలు వంకరగా ఉన్నాయి. ఒక ముసలామె చీర కొంగు బిగించి చిల్లాకట్టె కొడుతోంది, ఒక పిల్ల పట్టుకోవడానికి చేతులు చాపింది. కింద "2050లో మా అవ్వ నాతో ఆడుతుంది" అని రాసింది. అందరూ నవ్వారు. 2050కి ఆ పాపే పెద్దదైపోతుంది, అవ్వ ఎక్కడుంటుంది అన్నారు. అది నిజమే, లెక్క తప్పింది. కాని ఆ 34 బొమ్మల్లో గట్టు మీద కూర్చున్న మనిషిని లేపి ఆటలోకి తెచ్చింది ఆ పాప ఒక్కతే. మన ఇళ్ళల్లో అవ్వలకు చిల్లాకట్టె, అచ్చనగాయలు, వామనగుంటలు అన్నీ తెలుసు. ఎప్పుడు ఆడటం మానేశారు అని అడిగితే "పెండ్లయినాక ఎక్కడిది ఆట" అంటారు.

అయితే సైన్సు వద్దా అంటే, నేను ఆ మాట అనడం లేదు. సైన్సును దేనికి వాడుతున్నాం అన్నదే నా ప్రశ్న. రెండు ఉదాహరణలు చెప్తాను. 2008లో ఈతగాళ్ళకు ఒక కొత్త రకం సూటు వచ్చింది. ఒంటిని బిగించి నీటి రాపిడి తగ్గిస్తుంది. మరుసటి ఏడు రోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఇలాంటి సూట్లతో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు పడ్డాయి. ఈత గెలిచిందా సూటు గెలిచిందా అని గొడవ లేచి, 2010 నుంచి అలాంటి సూట్లు నిషేధించారు. అంత పరిశోధన జరిగినా కొత్తగా ఒక్కరు కూడా ఈతకు రాలేదు. అప్పటికే ఈదుతున్నవాళ్ళే ఇంకొంచెం వేగంగా ఈదారు.

రెండోది గోల్‌బాల్. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో తయారైన ఆట. బంతిలో గంటలు ఉంటాయి. జట్టుకు ముగ్గురు. బంతిని నేల మీద దొర్లించి వేస్తే అవతలివాళ్ళు ఆ చప్పుడు విని ఒళ్ళు అడ్డం వేసి ఆపాలి. ఆడేవాళ్ళందరూ కళ్ళకు గంతలు కట్టుకోవాలి. కొంచెం చూపు ఉన్నా, అసలు లేకున్నా అందరికీ ఒకే చీకటి. ఆట జరుగుతుండగా చూసేవాళ్ళు నోరు మెదపకూడదు. 1976 నుంచి అది పారాలింపిక్స్‌లో ఉంది. ఇందులో ఉన్న సైన్సు ఒక గంట, ఒక గుడ్డ. కాని చూపు లేనివాళ్ళు అందులో అరటిపండు కాదు, వాళ్ళే అసలు ఆటగాళ్ళు. చూపు ఉన్నవాళ్ళు వస్తే వాళ్ళే తడబడతారు.

ఈ దారిలో ఇప్పుడు జపాన్‌లో ఒక ప్రయత్నం జరుగుతోంది. "యురు స్పోర్ట్స్" అంటారు. యురు అంటే వదులు, బిగువు లేనిది. టొమోహిరో సవదా అనే ఆయన 2015లో దీన్ని మొదలుపెట్టాడు. ఆయన వాణిజ్య ప్రకటనలు రాసేవాడు, ఆయన కొడుకుకు పుట్టుకతోనే చూపు లేదు. వీళ్ళ ఆటలు వింతగా ఉంటాయి. ఒకదాంట్లో గొంగళిపురుగు వేషం వేసుకుని నేల మీద పాకుతూ రగ్బీ ఆడతారు. చక్రాల కుర్చీ దిగినవారూ, పరుగు పోటీలో ఫస్టు వచ్చేవారూ అక్కడ ఒకేలా పాకాలి. ఇంకోదాంట్లో చేతులకు సబ్బు రాసుకుని హ్యాండ్‌బాల్ ఆడతారు, బంతి జారిపోతే శిక్షగా ఇంకాస్త సబ్బు రాస్తారు. చూస్తే కడుపు పగిలేలా నవ్వొస్తుంది.

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది. నవ్వు మంచిదే. కాని వికలాంగుల ఆట అంటే ఎప్పుడూ నవ్వుల ఆటే అయితే అది కూడా వాళ్ళను అరటిపండు చేయడమే కదా? వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవన్‌జీని తీసుకోండి. మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్లు పరుగెత్తుతుంది. 2024లో కోబెలో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు తెచ్చింది. ఆమె వేషం వేసి ఎవరినీ నవ్వించలేదు. గడియారం ఆమె కోసం నెమ్మదిగా తిరగలేదు. చేర్చుకోవడం అంటే ఆటను తేలిక చేయడమే అనుకుంటే ఆమె పరుగును అవమానించినట్టు. వదులు ఆటలతో పాటు బిగువు ఆటలూ ఉండాలి, రెండింటిలోనూ అందరి పేరూ లెక్కలో ఉండాలి.

యురు ఆటల్లో ఈ అనుమానానికి జవాబు చెప్పేది "500 అడుగుల ఫుట్‌బాల్". ఒక్కొక్కరికి 500 అడుగులు ఇస్తారు, ఒంటికి కట్టిన పరికరం లెక్కపెడుతుంది. పరుగెత్తితే అడుగులు త్వరగా అయిపోతాయి, సున్నా అయితే బయటికి పోవాలి. కదలకుండా నిలబడితే కొంచెం కొంచెంగా తిరిగి వస్తాయి. ఇందులో వేషం లేదు, జాలి లేదు. నెమ్మదిగా నడిచేవారు కూడా ఆలోచించి ఆడితే గెలవచ్చు. వేగంగా పరుగెత్తేవారు కూడా బుర్ర వాడకపోతే ఓడతారు. నేను పైన చెప్పిన అన్నిట్లో, కళ, సైన్సు, ఆట మూడూ సరిగ్గా కలిసింది దీంట్లోనే అని నా అభిప్రాయం.

ఇదంతా మనకెందుకు అని అడగవచ్చు. ఎందుకంటే భవిష్యత్తు మన బడికి అప్పుడే వచ్చేసింది, రోబో రూపంలో మాత్రం కాదు. మా పదో తరగతి తెలుగు మీడియంలో మేం 19 మందిమి, 11 మంది అమ్మాయిలం, 8 మంది అబ్బాయిలు. మా నాన్న ఇదే బడిలో చదివినప్పుడు ఒక్కో తరగతికి రెండు సెక్షన్లు ఉండేవట. ఇప్పుడు అబ్బాయిలకు క్రికెట్‌కు 11 మంది చాలరు. అమ్మాయిలకు ఖోఖోకి మైదానంలో 9 మంది కావాలి, ముగ్గురికి జ్వరం వస్తే అంతే. వేరే బళ్ళతో పోటీ అంటే "మీకు జట్టే లేదు కదా" అంటారు. తెలుగులో చదువుతున్నందుకు మేమంతా కలిసి ఆటలో అరటిపండు అయిపోయామా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మా తరగతిలో కర్ర పట్టుకుని నడిచే ఒక స్నేహితుడు ఉన్నాడు. ఆరో తరగతి నుంచి స్కోరు వాడే రాస్తాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. "నేను రాస్తా ఉంటే ఎవురూ కొట్లాడరు కదా" అంటాడు. అది నిజమే. కాని వాడికి ఆడాలని ఉందా అని మేం నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

పోయిన నెల రెండు శనివారాలు మేం అడుగుల ఫుట్‌బాల్ ఆడి చూశాం. పరికరం లేదు కాబట్టి మనిషికి 200 అడుగులు పెట్టుకున్నాం. ఆడే ప్రతి ఒక్కరికీ ఒక జోడీ, జోడీ గట్టిగా అడుగులు లెక్కపెట్టాలి, సగం ఆట అయ్యాక ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. అమ్మాయిలు, అబ్బాయిలు, ఆరో తరగతివాళ్ళు అందరూ కలిశారు. మొదటి రోజు లెక్కల దగ్గర పెద్ద గొడవ, ఒకడు 60 తర్వాత 50 అన్నాడు. రెండో రోజునుంచి అవతలి జట్టువాళ్ళు లెక్కపెట్టాలని నియమం మార్చాం, గొడవ తగ్గింది. బాగా పరుగెత్తేవాళ్ళు నాలుగు నిమిషాల్లోనే అడుగులు అయిపోయి బయటికి వచ్చి కూర్చున్నారు. కర్ర పట్టుకునే స్నేహితుడు గోలు దగ్గర నిలబడి బంతిని అటూ ఇటూ అందించాడు, చివర్లో వాడికి ఇంకా 120 అడుగులు మిగిలి ఉన్నాయి. వాడిని ఆపడానికి అవతల ఇద్దరు తమ అడుగులు ఖర్చుపెట్టాల్సి వచ్చింది. లెక్కలో ఉండటం అంటే అదే.

బాస్కెట్‌బాల్ ఎలా పుట్టిందో చూడండి. 1891 చలికాలంలో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు గది లోపల ఆడేందుకు ఒక ఆట కావాలని పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీ కమ్మీలకు కొట్టించి 13 నియమాలు రాశాడు. జట్టుకు 9 మందిని ఎందుకు పెట్టాడంటే ఆయన తరగతిలో ఉన్నది 18 మంది. తరగతిని చూసి ఆటను తయారుచేశాడు. ఆటకు సరిపోలేదని తరగతిని తప్పు పట్టలేదు. మనకంటే ఒకరు తక్కువే ఉన్నారు ఆయనకు.

కాబట్టి ఉపాధ్యాయులకు నా విన్నపం. వచ్చే ఆటల దినోత్సవంలో పాత పోటీలతో పాటు మనం తయారుచేసుకున్న ఆట ఒకటి పెట్టండి. పదో తరగతి అని మా ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేయకండి, ఆ ఒక్క గంటలోనే ఇవన్నీ పుట్టాలి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆ రోజు అవ్వలనూ తాతలనూ తీసుకురండి, కుర్చీలు వేసి కూర్చోబెట్టడానికి కాదు, చిల్లాకట్టె పోటీకి. నియమాలు నోటీసు బోర్డు పక్కన అతికిస్తాం. బాగాలేనివి కొట్టేసి పక్కన మీవి రాయండి.

ఒక్క సమస్య మాత్రం మిగిలింది. మా స్నేహితుడు జట్టులో చేరిపోయాడు. స్కోరు పుస్తకం రాయడానికి ఇంకెవరైనా ముందుకు రావాలి, అక్షరాలు బాగుండాలి.